నల్లమలలో మకాములు

శతవార్షిక సంచికకు ఒక వ్యాసము వ్రాయమని కమిటీవారు నన్ను అడిగినప్పుడు, మన గుడుల గురించి, బడుల గురించి, ఆసుపత్రుల గురించి వ్రాయడానికి నాకంటె తగినవారు ఉన్నారని మనవి చేసికొన్నాను. అందుకు వారు నవ్వి, "అయితే అయ్యగారూ, మన యువజనులు ఈ సంవత్సరము నల్లమలలో నాలుగు దినములు క్యాంపు పెట్టుకొంటామంటున్నారు. పెద్దలు కొందరు వద్దంటున్నారు. ఆ అడవిలో మకాములు వేసినవారి చరిత్ర ఏదైనా వ్రాయండి, ఇరుపక్షములవారికి పనికివస్తుంది" అన్నారు. ఆ మాట మీద ఈ నాలుగు పుటలు వ్రాస్తున్నాను. తీర్పు చెప్పే అధికారము నాకు లేదు. తెలిసిన సంగతులు చెప్పి, చివర నా స్వంత అనుభవము ఒకటి విన్నవించి ముగిస్తాను.

మన సీమవారికి మకాము అనే మాట కొత్తది కాదు. డేరా అన్నా, గుడారము అన్నా, క్యాంపు అన్నా మన తాతలకు రెండే గుర్తుకు వచ్చేవి. ఒకటి కలెక్టరు దొర క్యాంపు, రెండవది మిషన్ దొర క్యాంపు. మొదటిది వస్తే ఊరి రెడ్డికి, కరణానికి గుండెలు దడదడలాడేవి. రెండవది వస్తే మాలపల్లెలో, మాదిగపల్లెలో దీపాలు వెలిగేవి. ఈ రెండింటికంటె ముందునుంచీ ఉన్నది యాత్రికుల మకాము. ఆ ముందునుంచీ అడవినే ఇల్లు చేసికొని ఉన్నవారు చెంచులు. ఈ వరుస మరచిపోకుండా చదవవలెనని కోరుతున్నాను.

కొండలు, నీళ్లు

కర్నూలు, కడప జిల్లాలు కరువు సీమ అని లోకమంతా చెప్పుకొంటారు. అది నిజమే. అయినా దేవుడు ఈ కరువు సీమకు ఉత్తరమున కృష్ణను, దక్షిణమున పెన్నను ఇచ్చి, మధ్యలో నల్లమలను నిలబెట్టినాడు. కృష్ణ ఒడ్డునుంచి పెన్న దరిదాపులవరకు ఈ కొండలు ఉత్తర దక్షిణములుగా సాగుతాయి. కంభమునకు వాయవ్యముగా ఉన్న భైరానికొండ, గుండ్ల బ్రహ్మేశ్వరము అన్నవి వీటిలో ఎత్తైన శిఖరములు. రెండూ మూడు వేల అడుగుల దరిదాపువి. కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ మైదానములో రాయి పగిలే ఎండ కాస్తున్నప్పుడు పైన రాత్రిపూట దుప్పటి కప్పుకోవలసివస్తుంది.

గుండ్లకమ్మ ఈ కొండలలోనే పుట్టి తూర్పుగా సముద్రమునకు పోతుంది. పడమటి వైపు వాగులు కుందేరులో పడతాయి. సగిలేరు కలసపాడు, పోరుమామిళ్ల, బద్వేలు ప్రాంతములు తడిపి పెన్నలో కలుస్తుంది. అహోబిలములో భవనాశి కొండలనుంచి దూకుతుంది. అయితే ఈ వాగులు వానాకాలములో ఉరికి, సంక్రాంతి దాటితే ఇసుకగా మిగులుతాయి. అప్పుడు అడవిలో నీళ్లు దొరికేది కోనలలో, ఊటలలో, ఇసుకలో తవ్విన చెలమలలో మాత్రమే.

నల్లమలలో ఊరిపేరు అంటే నీటిగుర్తు అని ఒక పెద్దాయన నాతో అనేవారు. ఆ మాట ఎంత నిజమో చూడండి. పెద్దచెరువు, భీముని కొలను, దొరబావి. రైలుమార్గములో ఒక స్టేషను పేరే చెలమ. నాగలూటి, బైర్లూటి అన్నప్పుడు నాకు ఊట అన్న మాటే వినిపిస్తుంది. మైదానములో ఊళ్లకు పాలెగాండ్ర పేర్లు, దేవతల పేర్లు పెట్టినారు. అడవిలో మాత్రము దప్పి తీర్చిన చోటునే పేరుగా నిలుపుకొన్నారు. మకాము వేసేవాడు మొదట అడగవలసిన ప్రశ్న ఏదో ఆ పేర్లే చెబుతున్నాయి.

యాత్రికుల దారి

శ్రీశైలమునకు ఆత్మకూరు మీదుగా పోయే దారి శతాబ్దముల నాటిది. ఆత్మకూరు, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, శ్రీశైలము. ఇవే మజిలీలు. ఎడ్లబండి కొంతదూరమే. తరువాత కాలినడక, లేకపోతే డోలీ. ఈ దారిని కండ్లకు కట్టినట్లు వ్రాసిపెట్టిన తెలుగువాడు ఏనుగుల వీరాస్వామయ్యగారు. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలముల మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరినారు. పదిహేను నెలల ప్రయాణము. దారిలో తాను చూచినది చూచినట్లు స్నేహితుడు కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్లెగారికి తెలియజేస్తూ వచ్చినారు. ఆయన దానిని 1838లో కాశీయాత్ర చరిత్ర పేరుతో అచ్చువేయించినారు.

రైలు లేని దినములలో, బోయీలతో, పరివారముతో, డేరాలతో ఒక పెద్దమనిషి మన కొండలలో మకాములు చేసుకొంటూ పోయినాడంటే అది చిన్న సంగతి కాదు. ఏ మజిలీలో నీళ్లు ఉన్నవి, ఏ ఊరిలో సరుకులు దొరుకుతవి, ఎక్కడ దారి చెడ్డది, ఇటువంటి సంగతులను ఆయన తన తరువాత పోయేవారికి ఉపయోగపడేటట్లు వ్రాసినారు. అప్పటికి కర్నూలు ఇంకా నవాబు ఏలుబడిలోనే ఉంది. కంపెనీవారు దానిని 1839లో గాని పట్టుకోలేదు.

ఈ దారిలో యాత్రికులకు కావలి చెంచులదే. కొండ ఎక్కేవారికి వారు తోడు నడిచి, జంతువుల నుంచి, దొంగల నుంచి కాపాడి, అందుకు కొంత రుసుము తీసుకొనేవారు. ఈ ఏర్పాటును తరువాత దొరతనమువారు కూడా గుర్తించినారు. కనుక నల్లమలలో ఎవరూ తమంత తాముగా మకాము వేయలేదు. దారి చూపినవాడు ఒకడు, నీళ్లు చూపినవాడు ఒకడు ఎప్పుడూ ముందు నడిచినారు.

దొరల డేరాలు

1800లో నిజాము ఈ జిల్లాలను కంపెనీవారికి దత్తము చేసినాడు. మొదటి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. ఆయన 1807 వరకు ఇక్కడ పనిచేసి, ఎక్కువ కాలము డేరాలలోనే గడిపి, ఊరూరా తిరిగి భూములు కొలిపించి రైత్వారీ పద్ధతికి పునాది వేసినారు. కచేరీలో కూర్చొని రైతు సంగతి తెలుసుకోలేమని ఆయన నమ్మిక. తరువాత మద్రాసు గవర్నరుగా ఉండి, ఇంగ్లండు పోకముందు తన పాత జిల్లాలను ఒకసారి చూచిపోదామని వచ్చి, మకాములోనే కలరా తగిలి 1827 జూలై 6న పత్తికొండలో కన్నుమూసినారు. గుత్తిలో సమాధి చేసినారు. పత్తికొండలో ఆయన పేర చెట్లు నాటించి, బావి కట్టించినారు. గవర్నరు దొరయైనా, బండివాడైనా, డేరాలో కలరాకు ఒక్కటే లెక్క అని ఆ సంగతి మనకు చెబుతున్నది.

కాలిన్ మెకంజీ సర్వే మనుషులు కూడా ఈ జిల్లాలలో ఇలాగే మకాములు చేసినారు. కొండలు, వాగులు గీయడమే గాక ఊళ్ల పూర్వకథలు కరణాలచేత చెప్పించుకొని వ్రాసినారు. కడప, కర్నూలు కైఫియత్తులని నేడు పండితులు చదివేవి అవే.

సువార్త గుడారము

ఇక మన సంఘ చరిత్రకు వస్తాను. లండన్ మిషన్‌వారి పక్షాన విలియం హోవెల్ 1822లో కడపలో పని ప్రారంభించినారు. తరువాత ఎస్.పి.జి.వారు కడప, కర్నూలు జిల్లాలలో పనిచేపట్టి, నల్లమల పడమటి అంచున ముత్యాలపాడులోను, సగిలేటి లోయలో కలసపాడులోను స్థిరపడినారు. నంద్యాలలో 1884లో ట్రయినింగు స్కూలు స్థాపించినారు. అటు తూర్పున కంభము, మార్కాపురములలో అమెరికన్ బాప్టిస్టువారు పనిచేసినారు. ఆ తాలూకాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు మన కర్నూలు జిల్లాలోనివే. మ్యాపు చూస్తే, ఒక కొండవరుసను చుట్టుముట్టినట్లుగా ఈ మిషన్ స్టేషనులన్నీ కనబడతాయి.

స్టేషనులో దొరవారు నివసించేది సగము కాలమే. వానలు వెనుకబట్టి, జొన్న, కొర్ర కోతలు ముగిసి, వాగులలో బండి దిగే వీలు కలగగానే గుడారములు బయటికి తీసేవారు. ఎండలు ముదిరేవరకు అదే ఇల్లు. వానాకాలములో పోతే జ్వరము, ఎండాకాలములో పోతే దప్పి. ఆ రెంటికి నడుమ ఉన్న మూడు నాలుగు నెలలే మకాముల కాలము. డేరాలు, కుంచములు, మందులపెట్టె, పుస్తకాల పెట్టె ఎడ్లబండ్లమీద ముందురాత్రే పోయేవి. ఉపదేశులు కాలినడకన తెల్లవారేసరికి తరువాతి ఊరి బయట చింతతోపులో చేరేవారు. పగలు మందులిచ్చి, బడిపిల్లల పరీక్ష చూచి, సంఘములో తగవులుంటే విని, రాత్రి లాంతరు వెలుతురులో కూటము జరిపేవారు. పండుగనాటికి గాని ప్రభురాత్రి భోజనము దొరకని పల్లెలకు ఈ గుడారమే దేవాలయము.

ఈ సంచారములలో అందరూ చెప్పుకొనేది జేకబ్ ఛేంబర్లేన్ దొరవారి ప్రయాణము. ఆయన వైద్యుడు కూడాను. ఆర్కాటు మిషన్ పక్షాన 1863లో మదనపల్లెలో పని ప్రారంభించినారు. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలోనిది, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు చేరింది. ఆ 1863లోనే ఆయన నలుగురు స్వదేశ సహోదరులను వెంటబెట్టుకొని ఉత్తరముగా బయలుదేరి, నిజాము రాజ్యము దాటి, గోదావరి అడవులవరకు సుమారు 1200 మైళ్లు తిరిగినారు. గోదావరి వరదలో చిక్కుకొని, దాటడానికి పడవ లేక, వెనుకకు పోదామంటే పులుల అడవి చీకటిపడుతూ ఉండగా, ఎగువనుంచి కొట్టుకువచ్చి ఒడ్డున ఆగిన బల్లకట్టు ఒకటి కనబడిందట. దానిమీదనే డేరా వేసి, ఒడ్డున నెగళ్లు వేసి, ఆ రాత్రి గడిపినారు. ఈ సంగతి ఆయన ఇంగ్లీషులో వ్రాసిన పుస్తకమునకు పులుల అడవి అనే అర్థము వచ్చే పేరే పెట్టినారు. అది 1896లో వెలువడింది.

ఇక్కడ ఒక్క మాట. దొరవారి పేరు పుస్తకములో నిలిచింది. ఆ నలుగురి పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? డేరా మోసిన కూలీలు, బండి తోలినవారు, నెగడు ఆరకుండా రాత్రంతా కట్టె వేసినవారు, వీరి పేర్లు ఏ రిపోర్టులోనూ చేరలేదు. మా తాతగారు మిషన్ బండి తోలినవారు. ఆయన గురించి మా ఇంట మిగిలిన కాగితము ఒక్కటీ లేదు. ఎద్దుల పేర్లు మాత్రము మా నాయన చెప్పగా విన్నాను.

కరువు, నది, జ్వరము

1876లో ప్రారంభమై 1878 వరకు సాగిన కరువును మనవారు ధాత ఈశ్వర కరువు అన్నారు. 1871 జనాభా లెక్కకు, 1881 జనాభా లెక్కకు నడుమ కర్నూలు జిల్లాలో సుమారు నాలుగో వంతు జనము తగ్గిపోయినారంటే దాని భయంకరత్వము ఊహించుకోవచ్చును. గడ్డలు, ఆకులు వెతుక్కొంటూ అడవి అంచులకు పోయినవారు ఎందరో, ఊళ్లు విడిచి కాలువ పనులకు పోయినవారు ఎందరో. ఒంగోలు మిషనరీ క్లౌ దొరవారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగము కంట్రాక్టు తీసుకొని, కరువు జనమునకు పని కల్పించి, అక్కడే మకాము వేసినారు. కరువు తగ్గిన పిమ్మట 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినారు. ఆ నీళ్లు మన నల్లమలలో పుట్టిన నీళ్లే. కొండకు ఇవతల మనము ఆకాశము చూస్తూ కూర్చుంటే, కొండ అవతలివారికి మన కొండ ఇచ్చిన ఏరు అది.

తరువాత 1880లలో గుంతకల్లు నుంచి బెజవాడకు మీటరుగేజి రైలుమార్గము నల్లమలను చీల్చుకొని పోయింది. గాజులపల్లె దాటితే బొగద సొరంగము, చెలమ, దిగువమెట్ట. దొరబావి దగ్గర లోయమీద నిలిచిన ఎత్తైన ఇనుప వంతెనను చూడడానికి మా చిన్నతనములో రైలు కిటికీలవద్ద తోపులాట జరిగేది. బ్రాడ్‌గేజి వచ్చిన తరువాత ఆ వంతెన వాడుక పోయింది. ఆ మార్గము వేసిన కూలీలు అడవిలోనే గుడిసెలు వేసికొని ఉండేవారు. వారిని పులికంటె ఎక్కువ పీడించినది కొండజ్వరము.

ఆ జ్వరము నీటిదోషమని, గాలిదోషమని అప్పటివారి నమ్మకము. అందుచేత నీళ్లు కాచుకొని త్రాగి, దోమతెర లేకుండా వాగు పక్కనే పడుకొనేవారు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికిందరాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నారు. దానితో గాని అసలు శత్రువు ఎవరో తెలియలేదు. అప్పటికే మన జిల్లాలలో ఎందరు మిషనరీలు, ఎందరు ఉపదేశులు, ఎందరు చిన్నబిడ్డలు ఆ జ్వరమునకు బలియైనారో మన సమాధుల దొడ్లలోని రాళ్లే సాక్ష్యము.

ఎండకు, జ్వరమునకు తాళలేక దొరలు ఎత్తైన కొండలు వెతుక్కొన్నారు. కడప కలెక్టరు హార్స్‌లీ 1870 ప్రాంతములో మదనపల్లె దగ్గర ఏనుగు మల్లమ్మ కొండమీద ఇల్లు కట్టుకొన్నారు. నాలుగు వేల అడుగులకు పైబడిన ఆ కొండకు అప్పటినుంచి హార్స్‌లీ కొండ అని పేరు. ఏనుగులు పెంచిన మల్లమ్మ అనే పిల్ల పేరు వెనుకబడి, కలెక్టరు పేరు ముందుకు వచ్చింది. ఆ ప్రాంతపు పొడిగాలి క్షయరోగులకు మంచిదని తలచి, అనేక మిషనులు ఏకమై మదనపల్లె దగ్గర ఆరోగ్యవరము స్థాపించినారు. 1912లో పునాది పడి, 1915లో రోగులను చేర్చుకొన్న ఆ ఆసుపత్రికి డెన్మార్కు దేశస్థుడు డాక్టరు ఫ్రిమోట్ మోలర్ అధిపతిగా ఉన్నారు. కొండగాలి కోసము వెతికిన మకాము చివరకు వేలమంది ప్రాణములు నిలిపిన ఇల్లు అయింది.

ఒక పాదిరిగారు, ఒక పిట్ట

మకామువేసినవారందరూ కూటములకే పోలేదు. లండన్ మిషన్ పక్షాన కడపలో పనిచేసిన విలియం హోవర్డ్ క్యాంబెల్ దొరవారు సీతాకోకచిలుకలను, పక్షులను కూడా శ్రద్ధగా పరిశీలించి వ్రాసుకొన్నవారు. మన ముళ్లపొదల నేలలో రాత్రిపూట తిరిగే కలివికోడి అనే పిట్ట ఒకటి ఉంది. దానిని డాక్టరు జెర్డన్ 1848లో లోకమునకు తెలియజేసినారు. 1900లో అనంతపురము దగ్గర హోవర్డ్ క్యాంబెల్‌గారు దానిని చూచినట్లు వ్రాసినారు. ఆ తరువాత ఎనుబదియైదేండ్లు దానిని చూచినట్లు పండితులెవరూ వ్రాయలేదు. లోకములోనుంచి ఆ జాతి నశించిపోయిందనుకొన్నారు.

1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారి పక్షాన డాక్టరు భరత్ భూషణ్ సిద్ధవటము దగ్గర రెడ్డిపల్లె పరిసరములలో మకాము వేసి వెతుకుతుండగా, ఐతన్న అనే స్థానికుడు ఆ పిట్టను పట్టి తెచ్చి చూపినాడు. పెద్ద చదువులవారు పోయిందనుకొన్నది పల్లె మనిషికి కనబడుతూనే ఉంది. అడిగినవారే లేరు. ఆ పిట్ట కోసము 1988లో పెన్నకు దగ్గరగా లంకమల కొండలలో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారిని సైతము కొంత మార్చినారు. ఒక పాదిరిగారు తన నోటుపుస్తకములో వ్రాసిన ఒక్క వాక్యము, ఒక పల్లె మనిషి చేతివాటము, ఈ రెండింటి నడుమ ఎనుబదియైదేండ్ల మౌనము.

అడవి ఎవరిది?

1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చింది. నల్లమల రిజర్వు అడవి అయింది. అంతకుముందు చెంచులు తేనె, గడ్డలు, వేట, మేత, అన్నిటికీ ఎవరినీ అడగలేదు. తరువాత ప్రతిదానికీ అనుమతి కావలసివచ్చింది. కృష్ణకు ఆవలి ఒడ్డున, నైజాము అడవులలో, క్రిస్టాఫ్ ఫన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే పండితుడు భార్యతో కూడ డేరాలు వేసికొని చెంచుల నడుమ నివసించి, 1943లో వారిని గురించి పెద్ద గ్రంథము ప్రకటించినారు. యుద్ధకాలములో శత్రుదేశస్థుడని హైదరాబాదు దాటిపోనివ్వకపోవడమే ఆయనను ఆ అడవికి చేర్చింది.

శ్రీశైలము ఆనకట్ట నిండినప్పుడు, 1981 ప్రాంతములో, కృష్ణ, తుంగభద్ర ఒడ్డులలోని ఎన్నో ఊళ్లు మునిగినవి. సంగమేశ్వరము గుడి నేటికీ సంవత్సరములో ఎక్కువ కాలము నీటిలోనే ఉండి, వేసవిలో తేలుతుంది. ఆ చుట్టుపక్కల మన సంఘములవారు కూడా ఊళ్లు వదలి చెల్లాచెదరైనారు. 1978లో అభయారణ్యముగా ప్రకటించిన అడవిని 1983లో పులుల పథకములో చేర్చినారు. రాష్ట్రము విడిపోయిన తరువాత కూడా ఇవతలి భాగము దేశములో అతిపెద్ద పులుల అభయారణ్యముగా ఉంది. అటవీశాఖవారు బైర్లూటి, పచ్చర్ల వంటిచోట్ల ఏర్పరచిన బసలలో, వారి అనుమతితో తప్ప ఇప్పుడు లోపల రాత్రి ఉండడానికి వీలులేదు. 2006 అటవీ హక్కుల చట్టము చెంచులకు కొంత హక్కు తిరిగి ఇచ్చింది.

ఈ అడవి ఎంత దట్టమైనదో మన తరము వారికి చెప్పనవసరము లేదు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టరు వానలో ఈ కొండలలో కూలిపోయినప్పుడు, విమానములు, ఉపగ్రహములు, వేలమంది మనుషులు వెతికినా, మరునాటి ఉదయమునకు గాని పావురాలగుట్ట మీద జాడ తెలియలేదు. ఆ రాత్రి మన గుడులలో ప్రార్థన చేసినవారు ఎందరో ఈ పుటలు చదువుతున్నారు.

నేను చూచిన ఒక చెలమ

చివరకు నా సంగతి. నేను యువజనుడుగా ఉన్నప్పుడు మేము ముప్పదిమంది కలసి నల్లమలలో మూడు దినములు క్యాంపు పెట్టుకొన్నాము. మాఘమాసము. వాగు ఎండింది. చెంచుగూడెమునకు అరమైలు దూరమున ఇసుకలో ఒక చెలమ, అందులో అద్దములాంటి నీళ్లు. మాకు మహా సంతోషము కలిగింది. అక్కడే పొయ్యి పెట్టినాము, అక్కడే స్నానాలు చేసినాము, అక్కడే అన్నపు గుండిగలు బూడిదతో, సబ్బుతో తోమినాము. పాటలు పాడినాము. మంచి వర్తమానములు విన్నాము.

రెండవనాటి ఉదయము ఒక ముసలి చెంచామె కుండ తీసుకొని వచ్చింది. చెలమ చూచింది. నీటిమీద జిడ్డు, మెతుకులు తేలుతున్నవి. మేమందరము నిలబడిపోయినాము. ఆమె తిట్టుతుందనుకొన్నాము. ఆమె ఏమీ అనలేదు. ఇరువది అడుగులు ఎగువకు నడచి, కూర్చొని, చేతులతో ఇసుక తోడడము మొదలుపెట్టింది. నీళ్లు ఊరేసరికి చాలాసేపు పట్టింది. కుండ నిండిన తరువాత మా వైపు చూచి, "మీరూ ఇందులో ముంచుకోండి నాయనా, ఆ నీళ్లు తాగబాకండి, కడుపునొప్పి వస్తాది" అని చెప్పి వెళ్లిపోయింది.

మాలో ఎవరమూ ఆ రోజు ఆమె పేరు అడగలేదు. నేను ఈ వ్యాసములో కాలముతో, పేర్లతో ఎందరినో చెప్పినాను. మన్రో దొర మరణించిన తేదీ చెప్పగలిగినాను. మాకు మంచినీళ్లు ఇచ్చినామె పేరు చెప్పలేకపోతున్నాను. ఛేంబర్లేన్ దొరవారి వెంట నడచిన నలుగురి పేర్లు ఎందుకు పోయినవో, మా తాతగారి కాగితము ఎందుకు లేదో, నాకు ఆ చెలమ దగ్గర అర్థమయింది. వ్రాసేవాడు దుర్మార్గుడై వదలిపెట్టడు. అడగడము తోచదు, అంతే.

కనుక యువజనులకు నా మనవి. పోవలెనంటే పోండి. పెద్దలు అడ్డుచెప్పకుందురు గాక. అటవీశాఖవారి అనుమతి తీసుకొని, వారు చూపిన చోటనే దిగండి. సంక్రాంతి ముందు పోండి, ఎండలు ముదిరిన తరువాత పోకండి. దోమతెరలు మరువకండి. నీళ్లు మీతో తీసుకొని పోండి. ఊట దగ్గర దిగవలసివస్తే కడుగుడు, తోముడు దానికి దూరముగా, దిగువన పెట్టుకోండి. నిప్పు పూర్తిగా ఆరిందని చేతితో తడిమి చూచుకొని గాని కదలకండి. తీసుకొని పోయిన కాగితమూ, ప్లాస్టిక్కూ తిరిగి ఇంటికి తెండి. మీకు దారి చూపినవారి పేరు అడిగి, మినిట్సు పుస్తకములో మొట్టమొదట ఆ పేరు వ్రాయండి.

పర్ణశాలల పండుగలో ఇశ్రాయేలీయులు ఏడు దినములు ఆకుల పందిళ్లలో నివసించేవారు. ఇండ్లు వచ్చిన తరువాత కూడా, తాము ఒకనాడు గుడారములలో తిరిగినవారమని మరచిపోకుండా ఉండడానికి ఆ ఏర్పాటు. నూరేండ్ల పండుగ చేసుకొంటున్న మనకు రాతిగుడులు ఉన్నవి, కాంక్రీటు మేడలు ఉన్నవి. నాలుగు రాత్రులు గుడారములో పడుకొని, ఎవరి నీళ్లు త్రాగి ఇంతవరకు వచ్చినామో తలచుకొంటే మన బిడ్డలకు మేలే జరుగుతుందని నా నమ్మకము.